ఫండ్లు అమ్మాలంటే పరీక్ష గట్టెక్కాల్సిందే

మ్యూచువల్ ఫండ్ల పంపిణీని ఉపాధిగా ఎంచుకునే వారికి తొలి మెట్టు అర్హత పరీక్ష. ఒకప్పుడు ఫండ్ సంస్థల సంఘమైన యాంఫీ దీనిని నిర్వహించేది. 2010 నుంచి సెబీ నెలకొల్పిన ఎన్‌ఐఎస్‌ఎం ఈ బాధ్యత చేపట్టింది.

సిరీస్ 5-ఎగా పిలిచే ఈ పరీక్ష 100 మార్కులకు, కంప్యూటర్‌పై 2 గంటలపాటు జరుగుతుంది. 50 మార్కులు వస్తే ఉత్తీర్ణులే. తప్పు జవాబుకు మార్కుల కోత లేదు కనుక ఏ ప్రశ్ననూ వదిలిపెట్టరాదు.

బట్టీ పనికిరాదు

ఎన్‌ఐఎస్‌ఎం వర్క్‌బుక్‌ను ఆద్యంతం చదవడమే సరైన మార్గం. ఫండ్ నిర్మాణం, సెబీ నిబంధనలు, పన్నులు, నష్టభయంపై పట్టు సాధించాలి. లెక్కలను కాగితంపై చేసి చూడాలి. ఉదాహరణకు యూనిట్ విలువ రూ.20, నిష్క్రమణ రుసుము 1 శాతం ఉంటే మదుపరికి యూనిట్‌కు దక్కేది రూ.19.80. 500 యూనిట్లు అమ్మితే రూ.9,900 చేతికి వస్తాయి. పన్ను దీనికి అదనం.

ఉత్తీర్ణతతోనే సరిపోదు

ధ్రువపత్రం పొందాక యాంఫీ వద్ద నమోదై ఏఆర్‌ఎన్ సంఖ్య తీసుకోవాలి. అది లేనిదే కమీషన్ రాదు. ధ్రువపత్రం 3 ఏళ్లే చెల్లుతుంది. గడువు ముగిసేలోపు మళ్లీ పరీక్ష రాయాలి, లేదా నిర్దేశిత శిక్షణకు హాజరు కావాలి.

2018 అక్టోబరులో సెబీ ముందస్తు కమీషన్లను నిలిపివేసింది. మదుపు కొనసాగినంత కాలమే పంపిణీదారుకు ఆదాయం. అందుకే ఆరంభంలో రాబడి స్వల్పంగా ఉంటుంది.

పంట సొమ్మో, పింఛను సొమ్మో తెచ్చిన వారికి ‘ఇంత లాభం ఖాయం’ అని మాట ఇవ్వడం నిబంధనలకు విరుద్ధం. పరీక్షలో ఇది ఒక్క మార్కు ప్రశ్న కావచ్చు. ఊళ్లో మాత్రం ఒక కుటుంబం కూడబెట్టుకున్న సొమ్ము.