ఒక్క ఇటుక కూడా కొనకుండా లేపాక్షి నంది: పెద్దవాళ్ల లెగో హాబీ ఇలా మొదలుపెట్టండి

లెగో అనగానే "పిల్లలకా?" అని అడుగుతారు. కానీ కంపెనీయే 2020 నుంచి కొన్ని బాక్సుల మీద 18+ అని వేసి అమ్ముతోంది. పెద్దయ్యాక కూడా ఈ ఇటుకలు వదలనివాళ్లని ఏఫాల్ అంటారు, అంటే అడల్ట్ ఫ్యాన్ ఆఫ్ లెగో. వీళ్లలో చాలామంది బాక్సులో ఇచ్చిన బొమ్మ కట్టి ఊరుకోరు, సొంతంగా డిజైన్ చేస్తారు.

షోరూమ్ లేని పుట్టపర్తి లాంటి ఊర్లో ఉండి ఇది చేయొచ్చా? చేయొచ్చు, కానీ సెట్ కొనడంతో మొదలుపెట్టకండి. బొమ్మల మీద కస్టమ్స్ డ్యూటీ 2020 బడ్జెట్‌లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. 2017లో వచ్చిన 5,923 ముక్కల తాజ్‌మహల్ లాంటి సెట్‌తో మొదలుపెడితే జీతం, హాబీ రెండూ ఒకే నెలలో అయిపోతాయి.

ముందు ల్యాప్‌టాప్ తెరవండి. బ్రిక్‌లింక్ స్టూడియో అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ విండోస్, మ్యాక్ రెండింటికీ ఉంది. లైనక్స్ వాళ్లకి లియోక్యాడ్. నా ఓటు స్టూడియోకే. ఏ ముక్క ఏ రంగులో దొరుకుతుందో చూపిస్తుంది, పార్ట్స్ లిస్టు ఇస్తుంది, ఇన్‌స్ట్రక్షన్ బుక్ కూడా తయారు చేస్తుంది. మామూలు ఆఫీస్ ల్యాప్‌టాప్ చాలు. ఫోటోలాంటి రెండర్ కావాలంటేనే జీపీయూ గురించి ఆలోచించండి.

కోడింగ్ వచ్చినవాళ్లు డిజైన్‌ని ఎల్‌డ్రా ఫార్మాట్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో చూడండి, ముచ్చటేస్తుంది. జేమ్స్ జెస్సిమన్ 1995లో మొదలుపెట్టిన ఫార్మాట్ ఇది. ఒక లైనుకి ఒక ముక్క: రంగు కోడ్, పొజిషన్, 9 నంబర్ల రొటేషన్ మ్యాట్రిక్స్, చివర్లో పార్టు పేరు. 2×4 ఇటుక పేరు 3001. (వై విలువ పైకి పోయేకొద్దీ మైనస్ అవుతుంది, మొదట్లో తికమక పెడుతుంది.) చిన్న పైథాన్ లూప్‌తో గోడ కట్టేయొచ్చు.

ఇప్పుడు మన జిల్లాలోని లేపాక్షి నందినే తీసుకుందాం. ఒకే రాయి, సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. లెగో మనిషి ఎత్తు 4 సెం.మీ. అతను పక్కన నిలబడితే సరిగ్గా కనిపించాలంటే స్కేల్ దాదాపు 1:42. ఇటుక మీది గుండ్రటి బొడిపెని స్టడ్ అంటారు, ఒకదాని నుంచి ఇంకోదానికి 8 మి.మీ. ఇటుక ఎత్తు 9.6 మి.మీ. లెక్కేస్తే నంది పొడవు 24 స్టడ్లు, ఎత్తు 11 ఇటుకలు. టేబుల్ మీద హాయిగా పడుతుంది.

కష్టమంతా మూపురం, మెడ వంపు, ఒంటి మీది గంటల దగ్గరే. ఇక్కడ పనికొచ్చేది స్నాట్, అంటే స్టడ్స్ నాట్ ఆన్ టాప్. ముక్కల్ని పక్కకి తిప్పి బిగించడం. పల్చటి ముక్కని ప్లేట్ అంటారు, మందం 3.2 మి.మీ. ఐదు ప్లేట్లు పేరిస్తే 16 మి.మీ., సరిగ్గా రెండు స్టడ్ల దూరం. అందుకే నిలువుగా పెట్టినవీ అడ్డంగా పెట్టినవీ కలిసిపోతాయి. మధ్యలో నాలుగు పక్కలా స్టడ్లున్న 1×1 ఇటుకలు పెట్టి, చుట్టూ వంపు స్లోప్‌లు బిగిస్తే మూపురం వచ్చేస్తుంది.

డిజైన్ అయ్యాక లోపల ఖాళీ చేయండి. బయటికి కనిపించేది బూడిద రంగు పొర మాత్రమే. లోపలి ఆసరాకి ఇంట్లో పడున్న పాత ఎర్ర, పసుపు ఇటుకలు చాలు. విడి ముక్కలు బ్రిక్‌లింక్ మార్కెట్‌లో దొరుకుతాయి, 2019 నుంచి అది లెగో కంపెనీదే. విదేశీ షాపైతే షిప్పింగ్, డ్యూటీ కలిపి చూసుకోండి. ఐదు షాపుల్లో కొంచెం కొంచెం కొనేకన్నా, ఒక షాపులో ఉన్న ముక్కలకి తగ్గట్టు డిజైన్ మార్చుకోవడం మేలు.

మరి చవక ఇటుకలు? 1958 నాటి పేటెంట్ గడువు ఎప్పుడో తీరింది, కాబట్టి వేరే కంపెనీలు ఇలాంటివి చేయడం తప్పేం కాదు. సెట్ డిజైన్, బాక్సు కాపీ కొట్టినవాటి జోలికి మాత్రం పోకండి. చూడాల్సింది కొలత. ఒక్కో ముక్క 0.05 మి.మీ. ఎక్కువున్నా 20 పేర్చేసరికి 1 మి.మీ. తేడా. మామూలు గోడలో పర్లేదు, స్నాట్‌లో బిగుసుకోదు. నేనైతే లోపలికి చవకవి, మూపురానికి ఒరిజినల్ వాడతాను. ముందు చిన్న ప్యాకెట్ తెప్పించి 12 ప్లేట్లు పేర్చండి, పక్కన 4 ఒరిజినల్ ఇటుకలు పేర్చండి. రెండూ 38.4 మి.మీ. ఉండాలి. గోరుకి మెట్టు తగిలిందా, ఆ బ్రాండ్ వదిలేయండి.