బస్తర్‌లో స్కాచ్ దారి, ఇప్పసారా దారి

ఛత్తీస్‌గఢ్‌లో ప్రైవేటు మద్యం షాపులు లేవు. 2017 ఏప్రిల్ నుంచి చిల్లర అమ్మకమంతా ప్రభుత్వానిదే. స్టేట్ మార్కెటింగ్ కార్పొరేషన్ దుకాణాలు నడుపుతుంది. బార్లను మినహాయిస్తే, స్కాట్లాండులో ఏళ్లపాటు మాగిన విస్కీ కూడా బస్తర్ కేంద్రమైన జగ్దల్‌పూర్‌లో ఈ సర్కారు కౌంటరు మీదుగానే తాగేవాడికి అందాలి.

ఆ సీసా ఖరీదు రేవులోనే పెరిగిపోతుంది. దిగుమతి విస్కీపై చాలాకాలంగా 150 శాతం సుంకం ఉంది. 2021 బడ్జెట్ దాన్ని 50 శాతం కస్టమ్స్ సుంకంగా, 100 శాతం వ్యవసాయ సెస్సుగా విడగొట్టింది కానీ మొత్తం మారలేదు. వెయ్యి రూపాయల సరుకు రాష్ట్ర పన్ను పడకముందే రెండున్నర వేలవుతుంది. 2025 ఫిబ్రవరిలో అమెరికా బర్బన్‌పై సుంకం 100 శాతానికి దిగింది. అదే ఏడాది జూలై 24న సంతకాలైన భారత్-బ్రిటన్ ఒప్పందం ప్రకారం స్కాచ్‌పై సుంకం తొలుత 75 శాతానికి, పదేళ్లలో 40 శాతానికి రావాలి. వెయ్యి రూపాయల సరుకు అప్పుడు పద్నాలుగు వందలకు రేవు దాటుతుంది.

దానివల్ల దుకాణంలో ధర అంతే తగ్గుతుందనుకుంటే పొరపాటే. తాగే మద్యానికి జీఎస్టీ వర్తించదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలు దాని తయారీ, అమ్మకం, ఎక్సైజ్ పన్ను రాష్ట్రాల చేతిలో పెట్టింది. దిగుమతిదారు సరుకును కస్టమ్స్ బాండెడ్ గోదాములో దించి, ఆహార భద్రతా సంస్థ నిబంధనల ప్రకారం లేబుల్ మీద హెచ్చరిక అచ్చువేయించాలి. ఆపైన ఏ రాష్ట్రంలో అమ్మదలిస్తే ఆ రాష్ట్రంలో బ్రాండు నమోదు చేయించుకోవాలి, ధర ఖరారు చేయించుకోవాలి. హైదరాబాదులో దొరికే సీసా జగ్దల్‌పూర్‌లో దొరకకపోవడానికి రుచుల తేడా కన్నా ఈ కాగితాలే ఎక్కువ కారణం.

ఛత్తీస్‌గఢ్‌లో కొంతకాలం కంపెనీలకూ మార్కెటింగ్ కార్పొరేషన్‌కూ నడుమ ఎఫ్ఎల్-10 లైసెన్సుదారులనే దళారులు ఉండేవారు. 2024 జూన్‌లో మంత్రివర్గం ఆ పద్ధతిని రద్దుచేసి, తయారీదారుల నుంచి నేరుగా కొనే పని బెవరేజెస్ కార్పొరేషన్‌కు అప్పగించింది. 2019-22 నాటి మద్యం వ్యాపారంలో అక్రమాల ఆరోపణలపై ఈడీ పెట్టిన కేసు వేరే కథ. కొనేదీ అమ్మేదీ ప్రభుత్వమే అయినంత మాత్రాన సొమ్ము దారి తప్పదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

‘విదేశీ మదిర’ దుకాణంలో అమ్ముడయ్యేది చాలావరకు దేశంలో తయారైన సరుకే. స్కాచ్ అనిపించుకోవాలంటే ధాన్యంతో చేసి, స్కాట్లాండులోనే ఓక్ పీపాల్లో కనీసం మూడేళ్లు మాగించాలి. మన చౌక విస్కీల్లో చాలావాటికి చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిటే ఆధారం. ఐరోపాలో దాన్ని విస్కీ పేరుతో అమ్మనివ్వరు.

ఇక బస్తర్ సొంత సరుకు ఇప్పసారా. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారకముందే ఇప్పచెట్ల కింద పూలు ఏరతారు. ఎండబెట్టి, నీళ్లలో నానేసి పులియబెడతారు. పొయ్యిమీది కుండకు పైన మరో కుండ అమర్చి, సందులు మట్టితో మెత్తుతారు. వెదురు గొట్టంలోంచి పోయే ఆవిరి, నీళ్లలో పెట్టిన కుండలో చల్లబడి సారా అవుతుంది. తొలి ధార ఘాటు చూడాలంటే కాస్త నిప్పుల మీద చిలకరిస్తే చాలు, భగ్గుమంటుంది. తాగేముందు నాలుగు చుక్కలు నేలమీద వదిలి దేవతలకు, పెద్దలకు సమర్పిస్తారు.

ఆదివాసీ కుటుంబం సొంత వాడకానికి ఐదు లీటర్ల వరకు ఇలా కాచుకోవచ్చు, అమ్మకూడదు. అయినా వారపు సంతల్లో ఆడవాళ్లు ఇప్పసారా, జీలుగు కల్లు పక్కపక్కనే పెట్టుకుని ఆకుదొన్నెల్లో పోసిస్తూనే ఉంటారు. చట్టం ఇక్కడ కళ్లు మూసుకోవడమే మేలు. సారా మీద పెత్తనం ఎంత దూరం పోగలదో బస్తర్‌కు తెలుసు. 1910 నాటి భూమ్‌కాల్ తిరుగుబాటు వెనుక అడవుల రిజర్వేషన్, వెట్టిచాకిరీతో పాటు ఇంటి సారాపై ఆంక్షలూ ఉన్నాయి. 1975లో కేంద్రం, గిరిజన ప్రాంతాల్లో వాణిజ్య మద్యం అమ్మకాలు ఆపి ఇంటి తయారీని అనుమతించాలని రాష్ట్రాలకు సూచించింది. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన 1996 పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్ని నియంత్రించే, నిషేధించే అధికారం గ్రామసభకు ఇచ్చింది. ఛత్తీస్‌గఢ్ దాని అమలు నియమాలు తెచ్చింది 2022లో.

ఇప్పపువ్వుకు మాత్రం సరిహద్దులు అడ్డుకాలేదు. 2021లో ఛత్తీస్‌గఢ్‌లోని కోర్బా, సర్గుజా అడవుల ఎండు పువ్వు ఓడలో ఫ్రాన్సుకు వెళ్లింది. చిత్తూరు జిల్లాలో డిస్టిలరీ నడిపే డెస్మండ్ నజరెత్ ఇప్పపువ్వు మద్యాన్ని 2018లో గోవా మార్కెట్లోకి తెచ్చారు. సంతలో దొన్నెలు పట్టుకుని కూర్చునే మనిషికి స్కాచ్ సుంకం తగ్గినా ఒరిగేదేమీ లేదు. కావాల్సింది అమ్ముకునే లైసెన్సు. పొరుగున మధ్యప్రదేశ్ హెరిటేజ్ మద్యం విధానంతో ఆ దారి తెరిచింది. అలీరాజ్‌పూర్ ‘మోండ్’, డిండోరీ ‘మోహులో’ ఆదివాసీ స్వయం సహాయక బృందాలు సీసాల్లో నింపి అమ్మే ఇప్పసారాలే.