బిడ్డ మూలను మన చేతులతోనే సిద్ధం చేద్దాం

ఇంట్లో బిడ్డ పుట్టబోతుందంటే సంతోషం వెనుకనే ఖర్చు కూడా గుమ్మంలోకి వస్తుంది. పట్టణంలో దుకాణాల ముందు వేలాడే రంగు రంగుల ఉయ్యాలలు, చిన్న పరుపులు, బొమ్మలు చూసినప్పుడు "మన బిడ్డకూ ఇవి ఉండాలి గదా" అనిపించడం సహజమే. చేతిలో పైకం లేకపోతే అప్పు తేవడానికి కూడా వెనుకాడము. పదివేల రూపాయలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. నెలకు 300, ఏడాదికి 3,600 రూపాయలు వడ్డీకే పోతాయి. అసలు అలాగే ఉంటుంది. ఆ వడ్డీ సొమ్ముతో బాలింతకు ఏడాది పొడుగునా రోజుకొక గుడ్డు పెట్టవచ్చు.

పుట్టిన బిడ్డకు కావలసినవి కొద్దే. తల్లిపాలు, వెచ్చదనం, మెత్తని శుభ్రమైన బట్ట, దోమ కుట్టని చోటు, ప్రమాదం లేని పడక. మన ఇండ్లలో బిడ్డకు వేరే గది ఉండదు, ఒక మూల ఉంటే చాలు. ఆ మూలకు కావలసినవి చాలామట్టుకు మన పాత పెట్టెలోనే ఉన్నాయి. అయితే ఎక్కడ పొదుపు చేయాలో, ఎక్కడ చేయకూడదో గృహిణికి తెలిసి ఉండాలి.

కాన్పు కాకముందు బిడ్డకోసం ఏదీ కుట్టకూడదని కొందరు పెద్దలు భయపడతారు. ఆ భయంవల్లనే చివరి గడియలో పరుగెత్తి, అడిగినంత ధర పోసి కొంటాము. ఏడవ నెల నుండి రోజుకు అరగంట కూర్చుంటే తొందర లేకుండా పని పూర్తవుతుంది.

పొత్తిగుడ్డలు

ప్రతి క్రిస్మసుకు మనం వినే ఈ మాటకు అర్థం మన అమ్మమ్మలకు బాగా తెలుసు. చాలాసార్లు ఉతికి మెత్తబడిన నూలు బట్టకు మించినది పసిబిడ్డకు లేదు. అయిదున్నర మీటర్ల పాత నూలు చీరను 55 సెంటీమీటర్ల చదరాలుగా కత్తిరిస్తే ఇంచుమించు 20 లంగోటీలు వస్తాయి. అంచులు మడిచి కుట్టండి. పాలియెస్టర్ చీరలు తడి పీల్చవు కనుక ఇందుకు పనికిరావు. మెత్తబడిన పాత లుంగీని రెండుగా చేస్తే స్నానం చేయించాక ఒళ్లు తుడిచే తువ్వాళ్లవుతాయి.

ఈ బట్టలన్నిటినీ సబ్బుతో ఉతికి, నీళ్లలో మరగబెట్టి, మంచి ఎండలో ఆరవేయండి. మూతగల పెట్టెలో దాచండి. వాటి మధ్య కలరా ఉండలు మాత్రం వేయవద్దు. వాటిలోని నాఫ్తలీన్ కొందరు పసిబిడ్డల రక్తంలోని ఎర్రకణాలను పగలగొట్టి ప్రమాదకరమైన పచ్చకామెర్లు తెస్తుంది. బాగా ఎండిన వేపాకు చిన్న సంచిలో కట్టి పెడితే చాలు.

బొంత

మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పుతో పాత నూలు బట్ట నాలుగు వరుసలు పరచండి. చుట్టూ అంచు మడిచి, వేలెడు ఎడంతో నిలువుగా కుట్టుకుంటూ పోండి. చీరల రంగు అంచులను చుట్టూ పట్టీలాగా వేస్తే కొన్న దుప్పటికంటె అందంగా ఉంటుంది. అద్దాలు, పూసలు, గుండీలు కుట్టవద్దు. ఊడిన పూస బిడ్డ నోటిలోకే పోతుంది.

తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు కుట్టడం చాలా ఇండ్లలో వాడుక. అయితే మొదటి ఏడాదిలో బిడ్డకు ఏ దిండూ అవసరం లేదని, చదునైన పడకపై వెల్లకిల పడుకోబెట్టాలని నేటి పిల్లల వైద్యులు చెప్తారు. ముఖం దగ్గర మెత్తలు, బొమ్మలు లేకుండా చూడండి.

ఉయ్యాల

చీర ఉయ్యాలకు ఖర్చు లేదు గాని జాగ్రత్త కావాలి. ఇక్కడ చిరుగుపట్టిన చీర వాడకండి. తాడు, కొక్కెం కొత్తవి కొనండి. పది కిలోల బియ్యపు మూట అందులో ఒక రాత్రంతా వేలాడదీసి, తెల్లవారి ముడులు, దూలం చూసుకోండి. తలవైపు అడ్డకర్ర పెడితే బట్ట ముడుచుకుని ముఖాన్ని కప్పదు. నేలకు మూరెడు ఎత్తు చాలు. కింద బొంత పరచండి. కనుచూపులో ఉన్నంతసేపే బిడ్డను ఉయ్యాలలో ఉంచండి. రాత్రి నిద్రకు చదునైన పడకే మేలు. పెద్దపిల్లలు ఆ చీరను మెలిపెట్టి ఆడితే మెడకు బిగుసుకునే ప్రమాదముంది. పని కాగానే చీరను పైకి ముడివేయండి.

గొడుగు తెర, గోడలు, చిలకలు

బట్ట చిరిగిన గొడుగును పారవేయకండి. ఊచల తుప్పును గరుకు కాగితంతో రుద్ది, కొనలకు గుడ్డ చుట్టి, పైన దోమతెర గుడ్డ కుట్టండి. అంచు చుట్టూ మడతలో సన్నని ఇసుక పోసి కుడితే గాలికి లేవదు. పగటి నిద్రకు ఇది చక్కగా పనికివస్తుంది.

కాన్పుకు మూడు వారాల ముందే గోడలకు సున్నం వేయించండి. కాస్త నీలిమందు కలిపితే తెల్లగా మెరుస్తుంది. సున్నం కండ్లలో పడకుండా జాగ్రత్త. అటకమీది పాత రంగు డబ్బాలతో బిడ్డ మంచానికి, బొమ్మలకు రంగు వేయవద్దు. ఇంటి రంగులలో సీసం పరిమితిపై మన దేశపు నియమాలు 2017 నవంబరు నుండే అమలులోకి వచ్చాయి. అంతకుముందటి రంగులలో సీసం ఎక్కువ ఉండవచ్చు, అది పిల్లల మెదడుకు హాని చేస్తుంది.

అప్పుడే పుట్టిన బిడ్డకు స్పష్టంగా కనిపించేది ఎనిమిది నుండి పన్నెండు అంగుళాల దూరమే. నలుపు తెలుపుల తేడా తొందరగా గుర్తుపడుతుంది. అట్టపై తెల్ల గుడ్డ అంటించి నల్లగుడ్డతో చేప, పువ్వు, చుక్కలు అతికించి చేతితో పట్టుకుని చూపండి. తాటాకు చిలకలను వెదురు బద్దకు కట్టి గోడకు అలంకరించండి. బిడ్డ చేతికి దారం అందకూడదు.

ఇంటి లెక్క

కాన్పు నెలలకు ఇల్లు తడబడకుండా మూడు బిస్కెట్ డబ్బాలు పెట్టుకోండి. ఒకటి ఆసుపత్రి ప్రయాణానికి, ఒకటి సరుకులకు, ఒకటి అనుకోని అవసరానికి. వచ్చిన కూలిలోనో పాల డబ్బులోనో కొంత ముందు డబ్బాలో వేసి, మిగిలినదే ఖర్చు పెట్టండి. అన్నం వండే ప్రతిసారి గుప్పెడు బియ్యం తీసిపెట్టడం మన సంఘ స్త్రీలకు కొత్త కాదు. రెండు పూటలా తీస్తే నెలకు మూడు కిలోల దాకా చేరుతుంది. బాలింత ఇంట అవి అక్కరకు వస్తాయి.

ఇలా చేసుకున్న ఇంట్లో డబ్బు వేటికి వెచ్చించాలి? మంచి తాడుకు, సబ్బుకు, దోమతెరకు, తల్లి తిండికి. వీటిలో పీనాసితనం పనికిరాదు.

చివరిగా ఒక మాట. బిడ్డ పెరిగాక బొంత, తెర, లంగోటీలు పెట్టెలో ముక్కిపోనివ్వకండి. యొప్పేలో తబితా చేసిన పని బట్టలు కుట్టి ఇవ్వడమే. అన్నీ ఉతికి ఎండబెట్టి ఒక వెదురు బుట్టలో సర్ది, సంఘంలో తరువాత కాన్పు ఎవరిదో ఆ ఇంటికి పంపండి. ఆ తల్లి అడగకముందే పంపితే మరీ మంచిది. చిరిగినవాటి స్థానంలో ఆమె రెండు కొత్తవి కుట్టి మరొకరికి ఇస్తుంది. ఒక్క బుట్ట ఇలా తిరిగితే ఎన్ని ఇండ్లకు అప్పు తప్పుతుందో ఆలోచించండి.