దిగుమతిలో గ్రంథపాతం

పాత కావ్యాలను పరిష్కరించిన పండితులు తాళపత్ర ప్రతిలో కొంత భాగం లుప్తమైనచోట ‘ఇక్కడ గ్రంథపాతం’ అని సూచించి, చుక్కలు పెట్టి ముందుకు సాగేవారు. ఆకు చెదపట్టి ఉండవచ్చు, లేఖకుడు ఒక పంక్తి దాటవేసి ఉండవచ్చు. కారణం ఏదైనా, పోయిందన్న సంగతి పాఠకుడికి తెలిసేది. ఈనాడు మన సాహిత్యంలో మరొక రకం గ్రంథపాతం జరుగుతోంది. అందులో చుక్కలుండవు. ఒక సాహిత్య వెబ్‌సైట్ ఒక హోస్టింగ్ సంస్థ నుంచి మరొక సంస్థకు మారుతుంది. రచనలను కొత్త సర్వర్‌లోకి దిగుమతి చేసే పని సగంలో ఆగిపోతుంది. వచ్చిన సగాన్నే మొత్తమనుకొని పాత ఖాతా మూసివేస్తారు. ఈ ఆగిపోవడం ఎక్కడ జరుగుతుంది, ఎందుకు జరుగుతుంది, దాన్ని ఎలా సరిదిద్దుకోవాలి అన్నదే ఈ వ్యాసంలో నేను చర్చించదలచిన విషయం.

ఇది సాంకేతిక నిపుణుల వ్యవహారం కదా, సాహిత్య విమర్శకు దీనితో ఏం సంబంధం అని కొందరు అడగవచ్చు. నేను కూడా తెలుగు ఎం.ఏ. చదివిన బడిపంతులినే, ప్రోగ్రామింగ్ నా విద్య కాదు. అయితే ‘ఈమాట’ 1998లో మొదలైన నాటి నుంచి నేటి వరకు ఎన్నో కథలు, కవితలు, విమర్శలు అచ్చు ముఖం చూడకుండా నేరుగా వెబ్‌లోనే వెలువడ్డాయి. అటువంటి రచనకు గ్రంథాలయంలో రెండో ప్రతి ఉండదు. 2020 డిసెంబరులో యాహూ గ్రూపులు మూతపడినప్పుడు ‘రచ్చబండ’ వంటి తెలుగు సాహిత్య చర్చలు నడిచిన వేదిక పోయిందని కనీసం అందరికీ తెలిసింది. మూసివేతకు ఒక తేదీ ఉంటుంది, ఒక ప్రకటన ఉంటుంది. వలసలో జరిగే నష్టానికి అవేవీ ఉండవు. రేపు ఒక పరిశోధక విద్యార్థి ఫలానా రచయిత ఫలానా సంవత్సరంలో ఏమీ రాయలేదని తీర్మానిస్తే, దాని వెనుక ఒక ఆగిపోయిన దిగుమతి ఉండవచ్చు.

రెండు మార్గాలు

మన సాహిత్య వెబ్‌సైట్లు చాలావరకు వర్డ్‌ప్రెస్ మీద నడుస్తున్నాయి కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. 2003లో వెలువడిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రచనలను తరలించడానికి ప్రధానంగా రెండు మార్గాలున్నాయి.

మొదటిది ఎగుమతి ఫైల్. పాత సైట్ తనలోని రచనలను, వ్యాఖ్యలను, వర్గాలను, రచయితల పేర్లను ఎక్స్.ఎం.ఎల్. పద్ధతిలో ఒకే ఫైల్‌గా రాసి ఇస్తుంది. కొత్త సైట్‌లోని దిగుమతి సాధనం దాన్ని చదివి ఒక్కొక్క రచననూ పునర్నిర్మిస్తుంది. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఆ ఫైల్‌లో బొమ్మలుండవు, బొమ్మల చిరునామాలు మాత్రమే ఉంటాయి. దిగుమతి సాధనం ఆ చిరునామాలు పట్టుకొని పాత సర్వర్‌కు వెళ్ళి బొమ్మలు తెచ్చుకుంటుంది. పాత ఇంటికి ముందే తాళం వేస్తే తెచ్చుకోవడానికి ఏమీ మిగలదు.

రెండవది డేటాబేస్ మొత్తాన్ని యథాతథంగా నకలు తీసి కొత్తచోట పోయడం. ఇందులో చిత్తుప్రతులు, ప్రతి సవరణకు ముందున్న పాఠాలు కూడా వస్తాయి. బొమ్మల ఫోల్డర్‌ను విడిగా నకలు చేసుకోవాలి. నకలు చాలా పెద్దదవుతుందని పాత సవరణలన్నీ తుడిచివేయమని సలహా ఇచ్చేవారున్నారు. పాఠపరిష్కరణ చదువుకున్నవాళ్ళం ఆ సలహాను తొందరపడి స్వీకరించకూడదు. ఒక కవి తన పంక్తిని ఎలా దిద్దుకున్నాడో చెప్పే సాక్ష్యం అక్కడే ఉంటుంది. తుడిచేముందు ఒక పూర్తి నకలు భద్రపరచడం కనీస బాధ్యత.

ఆగిన చోటే కారణం చెబుతుంది

దిగుమతి ఆగినప్పుడు సాధారణంగా రెండు ధోరణులు కనిపిస్తాయి. ఒకటి, యంత్రం అలిగిందనుకొని అదే మీటను పదిసార్లు నొక్కడం. రెండు, హోస్టింగ్ సంస్థ మోసం చేసిందని తేల్చివేయడం. రెండూ కారణాన్ని వెతకని ధోరణులే. వాస్తవానికి ఇక్కడ ఉన్నది ఒక వైరుధ్యం. చౌక హోస్టింగ్‌లో ఒకే యంత్రం మీద వందల సైట్లు కాపురముంటాయి. ఒకరు యంత్రాన్నంతా ఆక్రమించకుండా అందరికీ పరిమితులు విధిస్తారు. రోజుకొక రచన ప్రచురించడానికి ఆ పరిమితులు చాలు. ఇరవై ఏళ్ళ సంచికలను ఒక్క గుక్కలో మింగడానికి చాలవు.

ఈ పరిమితులు ముఖ్యంగా మూడు. ఒకటి పరిమాణం. వర్డ్‌ప్రెస్‌ను నడిపే పి.హెచ్.పి. భాషలో ఎవరూ మార్చకపోతే ఎక్కించగలిగే ఫైల్ పరిమితి 2 మెగాబైట్లు. రెండు జ్ఞాపకశక్తి, అది 128 మెగాబైట్లు. మూడు కాలం, 30 సెకన్లు. చాలా సంస్థలు వీటిని పెంచే ఉంచుతాయి. ఎంతకు పెంచాయన్నది వర్డ్‌ప్రెస్ లోపలే సైట్ హెల్త్ అనే పుటలో చూసుకోవచ్చు.

పరిమాణం విషయంలో తెలుగుకు ఒక ప్రత్యేకత ఉంది. యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ప్రతి సంకేతానికి మూడు బైట్లు కావాలి. ‘సాహిత్యం’ అన్న మాట మన కంటికి మూడక్షరాలే. యంత్రానికి అది ‘స’, దీర్ఘం, ‘హ’, గుడి, ‘త’, పొల్లు, ‘య’, సున్న అనే ఎనిమిది సంకేతాలు, అంటే 24 బైట్లు. 1500 మాటల తెలుగు వ్యాసం 35 నుంచి 40 కిలోబైట్లు ఆక్రమిస్తుంది. ఆ లెక్కన 2 మెగాబైట్లలో యాభై వ్యాసాలు పట్టడమే కష్టం. ఇంగ్లీషు సైట్లను దృష్టిలో ఉంచుకొని చెప్పిన అంచనాలు మనకు సరిపోకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఏ పరిమితి తగిలిందో గుర్తించడానికి నేను అనుసరించే పద్ధతి సులువైనది. ఫైల్ ఎక్కకుండానే వెనక్కి వస్తే అడ్డు పరిమాణం. ఫైల్ ఎక్కింది, కానీ ఒక్క రచన కూడా రాకముందే తెల్లపుట ప్రత్యక్షమైతే అడ్డు చాలావరకు జ్ఞాపకశక్తి. ఎందుకంటే దిగుమతి సాధనం ఫైల్‌ను చదివి విడదీసుకొన్న తరువాతే రచనలను చేర్చడం మొదలుపెడుతుంది. కొన్ని రచనలు వచ్చాక ఆగితే అడ్డు కాలం కావచ్చు, పాఠంలోని దోషం కావచ్చు. ఈ రెండింటినీ వేరుచేయడానికి అదే ఫైల్‌ను రెండోసారి దిగుమతి చేయాలి. వర్డ్‌ప్రెస్ సాధనం శీర్షిక, తేదీ పోల్చి చూసి, ఇంతకుముందే వచ్చిన రచనను వదిలేస్తుంది కనుక రెట్టింపు అవుతాయన్న భయం అక్కరలేదు. ప్రతిసారీ మరికొంత ముందుకు సాగి ఆగితే లోపం గడువులో ఉంది. ప్రతిసారీ ఒకే రచన దగ్గర ఆగితే లోపం ఆ రచనలో గాని, దాని బొమ్మలో గాని ఉంది.

కాలం గురించి మరొక మాట చెప్పాలి. పి.హెచ్.పి. గడువును పెంచినా దిగుమతి ఆగుతోందని చాలామంది వాపోతారు. గడియారం ఒకటే కాదు. వెబ్ సర్వర్‌కు ఒక గడియారం ఉంటుంది, దాని ముందు నిలిచే మధ్యవర్తి సర్వర్‌కు మరొకటి ఉంటుంది. గేట్‌వే టైమ్‌అవుట్ అన్న సందేశం ఆ మధ్యవర్తిది. పాత సర్వర్ నుంచి బొమ్మలు నెమ్మదిగా వస్తున్నప్పుడు ఎక్కువగా తగిలేది ఇదే. దీనికి మూడు విరుగుళ్ళున్నాయి. ఎగుమతి చేసేటప్పుడే తేదీలవారీగా సంవత్సరానికొక ఫైల్ చొప్పున తీసుకోవచ్చు. మొదట పాఠాన్ని, తరువాత బొమ్మలను తేవచ్చు. లేదా బ్రౌజర్‌ను పక్కనపెట్టి, సర్వర్ మీదనే ఆదేశపంక్తి నుంచి దిగుమతి నడపవచ్చు. ఆదేశపంక్తిలో పి.హెచ్.పి.కి కాలపరిమితి లేదు, మధ్యవర్తి సర్వర్ అడ్డురాదు.

పాఠదోషం సంగతి వేరు. పాత పేజీ తయారీ సాఫ్ట్‌వేర్ నుంచి రచనను అతికించినప్పుడు కంటికి కనిపించని నియంత్రణ సంకేతాలు కూడా వచ్చి చేరుతుంటాయి. ఎక్స్.ఎం.ఎల్. వాటిలో చాలావాటిని అనుమతించదు. అప్పుడు ఫలానా పంక్తిలో దోషముందని సంఖ్యతో సహా సందేశం వస్తుంది. ఫైల్‌కు నకలు తీసి, ఆ నకలులోనే ఆ సంకేతాన్ని తొలగించాలి. మూలాన్ని ముట్టుకోకూడదు. సందేశమే రాని తెల్లపుట ఎదురైతే ఎర్రర్ లాగ్ అనే దోషాల చిట్టా చూడాలి. ఊహ కంటే ఆ చిట్టాలోని చివరి పంక్తి నమ్మదగినది. మా ప్రాంతపు సాహిత్య సంస్థ ఒకటి ఇల్లు మారినప్పుడు హోస్టింగ్ సంస్థ వారు ‘మీ ఫైలే చెడిపోయింది’ అని వారం రోజులు చెబుతూ వచ్చారు. చిట్టా తెరిచి చూస్తే అందులో ఉన్నది జ్ఞాపకశక్తి చాలలేదన్న ఒక్క వాక్యం.

అక్షరాలు మారినప్పుడు

డేటాబేస్ మార్గంలో వచ్చే చిక్కులు ఎక్కువగా అక్షరాలకు సంబంధించినవి. మై.ఎస్.క్యు.ఎల్. డేటాబేస్‌కు 2018లో 8.0 రూపం స్థిరపడేదాకా పుట్టుకతో వచ్చిన అక్షరపద్ధతి లాటిన్. 2007లో వర్డ్‌ప్రెస్ 2.2 వచ్చేదాకా సైట్ తన డేటాబేస్‌కు అక్షరపద్ధతిని స్పష్టంగా ప్రకటించే ఏర్పాటు లేదు. అందుచేత ఆ కాలపు సైట్లలో తెలుగు బైట్లు లాటిన్ అనే పేరుగల పెట్టెలో దాగి ఉండే అవకాశం ఎక్కువ. కొత్త సర్వర్ ఆ పేరును నమ్మి చదివితే పుటనిండా తలమీద గీత ఉన్న రోమన్ ‘ఎ’, పక్కన చిన్న సున్నా, లేదా కూడిక తీసివేత కలిసిన గుర్తు పదేపదే కనిపిస్తాయి. ఇది చూసి పాఠం నాశనమైందని బెంబేలు పడనక్కరలేదు. బైట్లు అక్కడే ఉన్నాయి, వాటికి పెట్టిన పేరే తప్పు. ఆ స్థితిలో రచనలు తెరిచి దిద్ది భద్రపరచడం, ఒకదానిమీద ఒకటిగా మార్పిడులు చేయడం మాత్రం నిజంగానే నాశనానికి దారితీస్తాయి. మూల నకలు దగ్గరకు వెళ్ళి, సరైన పేరుతో మళ్ళీ దిగుమతి చేయాలి.

కొన్నిసార్లు దిగుమతి మొదటి పట్టిక దగ్గరే ఆగి, ‘ఈ వర్ణక్రమం తెలియదు’ అనే అర్థం వచ్చే 1273 అంకె దోషం చూపుతుంది. పాత సర్వర్‌లో కొత్త డేటాబేస్, కొత్త సర్వర్‌లో పాత డేటాబేస్ ఉన్నప్పుడు ఇది జరుగుతుంది. కొత్త సంస్థను డేటాబేస్ నవీకరించమని అడగడం ఉత్తమం. వీలు కాకపోతే నకలులో ఆ వర్ణక్రమం పేరు ఉన్నచోటల్లా పాత డేటాబేస్‌కు తెలిసిన పేరు పెట్టాలి.

లెక్క చూడనిదే తాళం వేయరాదు

అన్నిటికంటే ప్రమాదకరమైనది అంతా సవ్యంగా ఉన్నట్టు కనిపించే దిగుమతి. వెబ్‌సైట్ పేరు కూడా మారే సందర్భంలో రచనల్లోని బొమ్మల చిరునామాలను కొత్తవాటిగా మార్చే పని దిగుమతి సాధనం చిట్టచివర చేస్తుంది. మధ్యలో ఆగిన దిగుమతిలో ఆ చివరి పని జరగదు. పుటలు నిండుగా కనిపిస్తాయి, ఎందుకంటే బొమ్మలు ఇంకా పాత సర్వర్ నుంచే వస్తుంటాయి. పాత ఖాతా ముగిసిన రోజున అవి మాయమవుతాయి.

అలాగే దిగుమతి మొదట్లో పాత రచయితలను కొత్తచోట ఎవరికి జతచేయాలో సాధనం అడుగుతుంది. అక్కడ అజాగ్రత్త వహిస్తే ఇరవైమంది రచనలు దిగుమతి చేసినవారి పేరున చేరిపోతాయి. రచనకు కర్త పేరు తప్పడం సాహిత్యంలో చిన్న విషయం కాదు.

అందుకని బయలుదేరే ముందే జాబితా రాసుకోవాలి. ప్రచురితమైన రచనలెన్ని, చిత్తుప్రతులెన్ని, వ్యాఖ్యలెన్ని, బొమ్మలెన్ని, రచయితలెందరు, ఏ సంవత్సరానికి ఎన్ని రచనలు. చేరాక అవే అంకెలు మళ్ళీ తీసి పోల్చాలి. అంకెలు కలిసినా చాలదు. అతి పాత రచనను, అతి పొడవైన రచన చివరి పేరాను, ఒక కవితలోని పంక్తుల విరుపును, వ్యాఖ్యలు ఎక్కువగా వచ్చిన ఒక వ్యాసాన్ని తెరిచి చదవాలి. ఈ చదివే పని సాంకేతిక నిపుణుడిది కాదు, మనది. ఏ పాదం దగ్గర పద్యం విరగాలో అతనికి తెలియాలనుకోవడం న్యాయం కాదు. నన్నయ ఎక్కడ ఆపాడో తెలిసి ఉండబట్టే ఎర్రన అరణ్యపర్వశేషాన్ని పూరించగలిగాడు. ఆగినచోటు గుర్తుపట్టగలిగితే ఆగిన దిగుమతిని పూర్తిచేయడం కూడా సాధ్యమే.

ఇవన్నీ ముగిసిన తరువాత కూడా పాత ఖాతాను ఒకటి రెండు నెలలు నిలిపి ఉంచాలి. దానికయ్యే ఖర్చు ఒక సంచిక పోగొట్టుకోవడంతో పోలిస్తే లెక్కలోనిది కాదు. ఎగుమతి ఫైల్‌ను, డేటాబేస్ నకలును, బొమ్మల ఫోల్డర్‌ను సంస్థలో కనీసం ఇద్దరి దగ్గర ఉంచాలి. ఎంత వెతికినా దొరకని రచనలుంటే వాటి పేర్లు, కర్తల పేర్లు, వెలువడిన తేదీలు ఒక పుటగా వెబ్‌సైట్‌లోనే ప్రకటించాలి. ఏ పాఠకుడి దగ్గరో ఒక నకలు ఉండవచ్చు, ఆ పుట చూసి అతడు పంపవచ్చు. పోయిందని చెప్పిన రచనకే తిరిగి వచ్చే దారి ఉంటుంది.