చౌరస్తా బ్యాండ్: జానపదానికి రెగే దరువు

చౌరస్తా హైదరాబాద్‌కు చెందిన తెలుగు సంగీత బృందం. సినిమాతో పని లేకుండా సొంతంగా పాటలు రాసుకుని, బాణీ కట్టుకుని, యూట్యూబ్‌లోనూ వేదికల మీదా వినిపించి పేరు తెచ్చుకుంది. యశ్వంత్ నాగ్, రామ్ మిరియాల ఈ బృందంతో వెలుగులోకి వచ్చారు. పల్లె పాట తీరుకు రెగే దరువు జోడించడం వీరి ప్రత్యేకత.

రెగే 1960ల చివర్లో జమైకాలో పుట్టింది. బాబ్ మార్లే దాన్ని ప్రపంచానికి పరిచయం చేశాడు. నాలుగు మాత్రల ఆవర్తనంలో రాక్ డ్రమ్మర్ సాధారణంగా మొదటి మాత్రను వదలకుండా కొడతాడు. రెగేలో ప్రసిద్ధమైన ఒక దరువులో మొదటి మాత్ర ఖాళీగా పోతుంది, బరువంతా మూడో మాత్ర మీద పడుతుంది. రెండు, నాలుగు మాత్రల దగ్గర గిటార్ పొట్టిగా తెగ్గొట్టినట్టు మోగుతుంది. బేస్ గిటార్ కింది నుంచి తనదైన రాగం నడుపుతుంది. వినేవాడి ఒళ్లు ఊగేది ఆ ఖాళీ వల్లే.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, బుగ్గారం పల్లెల్లో పెళ్లి బరాత్‌కు మోగే తీన్‌మార్‌ది వేరే ఊపు. డప్పును మంట దగ్గర కాచి చర్మం బిగిస్తారు. ఒక చేత సిర్ర, మరో చేత చిటికెన పుల్లతో సందు లేకుండా వాయిస్తారు. అక్కడ మాట కంటే మోతదే పైచేయి. బతుకమ్మ పాటలో అలా కాదు. ఒకరు చెబుతుంటే మిగతావారు ‘ఉయ్యాలో’ అని అందుకుంటారు, చప్పట్ల మధ్య ప్రతి మాటా వినబడుతుంది. చౌరస్తా పాట ఈ రెండో పద్ధతికి దగ్గర. రెగే వదిలిన ఖాళీలో వాడుక తెలుగు సులువుగా ఇముడుతుంది.

అందుకే వీరి పాటల్లో కథ నిలుస్తుంది. ‘ఊరెళ్లిపోతా మామా’ పట్నంలో ఉన్నవాడి ఊరి బెంగ. గల్ఫ్‌కు, భివండి మగ్గాలకు మనుషుల్ని పంపిన జిల్లాలకు ఆ బెంగ కొత్తది కాదు. 2020లో కరోనా జాగ్రత్తల మీద చేసిన పాట కూడా జనంలోకి బాగా వెళ్లింది.

పొరుగు రాష్ట్రాల్లోనూ ఇలాంటి ప్రయత్నాలు జరిగాయి. కేరళలో అవియల్ బృందం 2008లో తెచ్చిన ఆల్బమ్ మలయాళ పాటను రాక్‌తో కలిపింది. చెన్నైలో 2018లో వేదికెక్కిన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ గానా పాటను రాక్, ర్యాప్‌లతో జోడించి కులవివక్షను ప్రశ్నించింది.

తెలుగులో పాట అంటే ఎక్కువమందికి సినిమా పాటే. చివరకు చౌరస్తా గొంతూ సినిమాకు చేరింది. రామ్ మిరియాల 2021లో ‘జాతిరత్నాలు’లో చిట్టి పాట పాడాడు. 2022లో ‘డీజే టిల్లు’ టైటిల్ పాటకు బాణీ కట్టి తనే పాడాడు. సిరిసిల్ల జిల్లాలో చిత్రీకరించిన ‘బలగం’ 2023లో వచ్చింది. అందులో ‘ఊరు పల్లెటూరు’ను మంగ్లీతో కలిసి పాడాడు. ఆ పాటకు కాసర్ల శ్యామ్ ఉత్తమ గేయ రచయితగా జాతీయ అవార్డు అందుకున్నాడు.