ద్రవ్యరాశి మారునపుడు బలమెంత?

గుత్తి ప్రాంతము వానలు తక్కువైన మెట్టసీమ. అనంతపురము జిల్లాలో సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియును. ఇట్టిచోట సేద్యమునకు బావియే దిక్కు. విద్యుత్తు మోటార్లు రాకముందు ఎద్దులను కట్టి కపిలతో నీరు తోడెడివారు. ఎద్దులు వాలుదారిలో దిగుచుండగా, మోకు చివరనున్న తోలుబాన గిలక మీదుగా పైకి వచ్చెడిది. బాన పాతదైనచో కుట్లలోనుండి నీరు కారుచుండెడిది. అనగా పైకి వచ్చుకొలది దాని ద్రవ్యరాశి తగ్గుచుండెడిది. అట్టి వస్తువును లాగుటకు ఎంత బలము కావలెను?

న్యూటన్ 1687లో ప్రకటించిన ద్వితీయ గమన సూత్రము ప్రకారము బలము ద్రవ్యవేగము మారు రేటునకు సమానము. ద్రవ్యవేగమనగా ద్రవ్యరాశిని వేగముచే గుణింపగా వచ్చునది. కావున ద్రవ్యరాశి మారునపుడెల్ల, వేగమును ద్రవ్యరాశి మారు రేటుచే గుణించి బలమునకు కలిపిన చాలునని విద్యార్థులు తలచుట కద్దు. పొరపాటు ఇక్కడనే కలదు. న్యూటన్ సూత్రము మారని పదార్థసముదాయమునకు చెప్పబడినది. వచ్చి చేరిన పదార్థము, విడిపోయిన పదార్థము కూడ లెక్కలోనికి రావలెను.

గుత్తి రైలు జంక్షను. రైలుబండినే ఉదాహరణముగా తీసికొందము. ఘర్షణ లేదనుకొనుడు. సెకనుకు 2 మీటర్ల సమవేగముతో పోవు సరకుపెట్టెలో పైనుండి సెకనుకు 100 కిలోల కంకర నిలువుగా పడుచున్నది. పడిన కంకరకు ముందుకు పోవు వేగము లేదు. దానికి ఆ వేగమును పెట్టెయే ఈయవలెను. కావున 2 × 100 = 200 న్యూటన్ల బలము అవసరము. ఇప్పుడు అదే కంకర పెట్టె అడుగునుండి అదే రేటున పట్టాలపై జారుచున్నదనుకొనుడు. విడిపోవు క్షణమున కంకరకును పెట్టెకును వేగమొక్కటే. కావున ఏ బలమును అక్కరలేదు!

దీనినుండి ఒక సాధారణ సూత్రము లభించును:

ద్రవ్యరాశి × త్వరణము = బాహ్యబలము + (సాపేక్షవేగము × ద్రవ్యరాశి మారు రేటు)

ఇచ్చట సాపేక్షవేగమనగా చేరు లేక విడిపోవు పదార్థమునకు వస్తువును బట్టి ఉండు వేగము. ద్రవ్యరాశి తగ్గునపుడు ఆ రేటు ఋణాత్మకము.

ఇక బాన లెక్క. నీటితో కలిసి బాన ద్రవ్యరాశి 100 కిలోలు. బావి లోతు 10 మీటర్లు. వేగము సెకనుకు అర మీటరు. కారుడు సెకనుకు అరకిలో. చుక్క విడిపోవునపుడు సాపేక్షవేగము సున్న; కావున మోకు మోయవలసినది ఆ క్షణమున ఉన్న బరువును మాత్రమే. అడుగున 100 × 9.8 = 980 న్యూటన్లు; 20 సెకనుల తరువాత పైన 90 × 9.8 = 882 న్యూటన్లు. సగటు 931 న్యూటన్లు. జరిగిన పని 9,310 జౌళ్లు.

తప్పు సూత్రమును వాడినచో బాన విషయమున తేడా పావు న్యూటనే. కాని రాకెట్టు విషయమున లెక్క పూర్తిగా చెడును. 1980 జూలై 18న శ్రీహరికోట నుండి రోహిణి ఉపగ్రహమును మోసికొనిపోయిన ఎస్.ఎల్.వి.-3 బయలుదేరునపుడు సుమారు 17 టన్నులు. ఆ క్షణమున దాని వేగము సున్న. సున్నను ఏ రేటుచే గుణించినను సున్నయే. అట్లైన రాకెట్టు లేవనే లేవదు. దానిని లేపునది రాకెట్టు వేగము కాదు, వెనుకకు చిమ్ము వాయువుల సాపేక్షవేగము.

కావున ఇట్టి లెక్క చేయుటకు ముందు ద్రవ్యరాశి ఎంత మారినదని మాత్రమే కాక, మారిన పదార్థము ఏ వేగముతో వచ్చినది, ఏ వేగముతో పోయినదని కూడ విచారింపవలెను.