చేపకి గుర్తుంటుంది

కోనసీమలో చెరువుల మీద బతికేవాళ్లకి వైరస్ అనగానే గుర్తొచ్చేది వైట్ స్పాట్. 1994-95లో ఆంధ్ర తీరంలో టైగర్ రొయ్యని కూకటివేళ్లతో పెకిలించింది అదే. 2009లో వెనామీ రొయ్యకి అనుమతులొచ్చాక కూడా ఆ భయం పోలేదు. వైట్ స్పాట్ దిగిందంటే వారం పది రోజుల్లో రొయ్యల చెరువు ఖాళీ. గట్టుకి అవతల చెరువులో పండుగప్ప మాత్రం అదే కాలువ నీళ్లలో హాయిగా తిరుగుతుంటుంది. వైట్ స్పాట్ చేపకి సోకదు కాబట్టి ఆ ధీమా. చేపని పట్టే వైరస్‌లు వేరే ఉన్నాయి. వాటితో చేప కలబడే తీరుకి రొయ్య తీరుతో పోలిక తక్కువ, మన తీరుతోనే ఎక్కువ.

రొయ్య ఒంట్లో యాంటీబాడీలు తయారు కావు. అందుకే మనం వేయించుకునే టీకాలాంటిది రొయ్యకి లేదు. చేప వెన్నెముక ఉన్న జీవి. సోకిన వైరస్‌ని పోల్చుకుని, దానికి సరిపడే యాంటీబాడీలు తయారుచేసి, మళ్లీ వస్తే గుర్తుపట్టే ఏర్పాటు దవడలున్న చేపలతోనే ఈ భూమ్మీద మొదలైంది. మనకొచ్చింది వాటి నుంచే. తిలాపియాని చంపే టిఐఎల్‌వి వైరస్ సంగతి 2014లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు మొదటిసారి లోకానికి చెప్పారు. తొలి దెబ్బకి చావగా మిగిలిన చేపలకి మళ్లీ అదే వైరస్ సోకినా తట్టుకున్నాయని ఆ పరిశోధనలోనే తేలింది. ఆ వైరస్ 2018 నాటికి మన దేశంలోనూ బయటపడింది.

అంత గట్టి ఏర్పాటు ఉంటే మరి చేప ఎందుకు చస్తోంది? ఆ ఏర్పాటుకి టైము కావాలి. వైరస్ ఆ టైము ఇవ్వదు. పండుగప్పని చూస్తే ఇది బాగా అర్థమవుతుంది.

గోదావరి పాయలు సముద్రంలో కలిసే మొగల దగ్గర, అంతర్వేది, ఓడలరేవు వైపు, పండుగప్ప ఎప్పటినుంచో ఉన్న చేపే. ఉప్పునీటిలో గుడ్లు పెడుతుంది, పిల్లలు ఉప్పుటేళ్లలోకి ఎక్కి వస్తాయి. ఒకప్పుడు ఆ పిల్లల్ని పట్టుకొచ్చి చెరువుల్లో వేసేవారు. చెన్నైలో సీబా అని అందరూ పిలిచే కేంద్ర ఉప్పునీటి మత్స్య పరిశోధన సంస్థ 1997లో హేచరీలోనే పండుగప్ప చేత గుడ్లు పెట్టించింది. ఆ హేచరీ పిల్లల్లోనే నోడా అనే వైరస్ దొరికింది. భారతదేశంలో పండుగప్ప పిల్లల్ని అది చంపుతోందన్న తొలి నివేదిక 2005లో అచ్చయింది.

జబ్బు పడ్డ పిల్లని గాజు బీకరులో వేసి చూస్తే సంగతి తెలిసిపోతుంది. మేత ముట్టదు. రంగు మారుతుంది. తిన్నగా ఈదలేక గిరగిరా తిరుగుతుంది, పొట్ట పైకి పెట్టి తేలుతుంది, ముట్టుకుంటే ఒక్క ఉదుటున మెలికలు తిరిగి మళ్లీ పడిపోతుంది. దాని మెదడునీ, కంటి వెనక పొరనీ పల్చగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే గుండ్రటి ఖాళీలు కనిపిస్తాయి. వైరస్ తినేసిన నరాల కణాల జాగాలవి. సుమారు 30 నానోమీటర్లే ఉండే వైరస్ చేసే పని ఇది. దాని జన్యు సామగ్రి మొత్తం రెండంటే రెండు ఆర్‌ఎన్‌ఏ ముక్కలు.

చేప ఒంటికి మొదటి కాపలా జిగురు. చేప కడిగేటప్పుడు విసుగు తెప్పించే ఆ జిగురే. అందులో సూక్ష్మజీవుల్ని చంపే ప్రొటీన్లు ఉంటాయి, అది ఎప్పటికప్పుడు ఊడిపోతూ కొత్తది ఊరుతుంటుంది. ఇది మాటవరసకి చెబుతున్నది కాదు. బెల్జియంలో లీయెజ్ విశ్వవిద్యాలయం వాళ్లు కార్ప్ చేపల్ని చంపే కోయి హెర్పెస్ వైరస్‌కి మిణుగురు పురుగు వెలుగునిచ్చే జన్యువు తగిలించి, అది ఎక్కణ్నుంచి లోపలికి పోతుందో కెమెరాలో చూశారు. మొప్పలు వెలగలేదు, చర్మం వెలిగింది. చర్మం మీది జిగురు తుడిచేస్తే వైరస్ ఇంకా సులువుగా దూరింది. వల లాగి, గట్టు మీద పోసి, చేతులతో ఏరి, డ్రమ్ముల్లో కుక్కి పంపే మన పిల్ల రవాణాలో ఎంత జిగురు పోతోందో ఎవరూ లెక్క కట్టరు.

జిగురు దాటిన వైరస్ కణంలోకి దూరాక రెండో అంకం. వైరస్ తన ఆర్‌ఎన్‌ఏకి నకళ్లు తీసేటప్పుడు రెండు పేటల ఆర్‌ఎన్‌ఏ పుడుతుంది. మామూలుగా కణంలో అలాంటిది అంత పొడుగ్గా ఉండదు. దాన్ని పసిగట్టే ప్రొటీన్లు చేప కణాల్లో కాచుకుని ఉంటాయి. వెంటనే ఇంటర్‌ఫెరాన్ బయటికి వస్తుంది. 1957లో లండన్‌లో అలిక్ ఐజాక్స్, జీన్ లిండెన్‌మాన్ కోడిగుడ్డు పొరల మీద పనిచేస్తూ కనిపెట్టిన పదార్థమే ఇది. చేపల్లో దాని జన్యువులు 2003లో చేతికి దొరికాయి. ఇంటర్‌ఫెరాన్ వైరస్‌ని చంపదు. పక్క చెరువులో వైట్ స్పాట్ అని కబురందగానే తూము మూసేసే రైతులాగా, ఆ కబురందిన చుట్టుపక్కల కణాలు తమ పనులు తగ్గించుకుని, వైరస్‌కి అడ్డుపడే ప్రొటీన్లు సిద్ధం చేసుకుంటాయి. ఇదంతా గంటల్లో జరిగిపోతుంది. చేప ఎర్ర రక్తకణాలకి కేంద్రకం ఉంటుంది కాబట్టి అవీ ఈ పనిలో చెయ్యి వేస్తాయి. మన ఎర్ర కణాలకి ఆ యోగం లేదు.

నోడా వైరస్ కూడా తక్కువది కాదు. బి2 అనే చిన్న ప్రొటీన్ తయారుచేసి ఆ రెండు పేటల ఆర్‌ఎన్‌ఏకి అంటిస్తుంది. కణం కంట పడాల్సింది పడదు, కణం కత్తిరించాల్సిన ఆ ఆర్‌ఎన్‌ఏ తెగదు.

గంటల పని ఇంటర్‌ఫెరాన్‌ది, వారాల పని యాంటీబాడీలది. చేపకి ఎముక మూలుగలో రక్తకణాలు పుట్టవు. తల వెనక ఉండే మూత్రపిండం ముందు భాగం ఆ పని చేస్తుంది. పేరే మూత్రపిండం, ఎదిగిన చేపలో ఆ భాగానికి మూత్రంతో పెద్దగా సంబంధం లేదు. అక్కడ పుట్టిన కణాలు ఐజీఎం అనే యాంటీబాడీని తయారుచేస్తాయి. మొప్పల్లో, పేగులో, చర్మం మీద కాపలాకి ఐజీటీ అనే ఇంకో రకం ఉంది. దాన్ని 2005లోగానీ గుర్తించలేదు. నీళ్లు చల్లగా ఉండే దేశాల్లో యాంటీబాడీలు తగినన్ని పేరుకోవడానికి నెలలు పట్టొచ్చు. కోనసీమ నీటి వెచ్చదనంలో రెండు మూడు వారాలు చాలు. కానీ ఈ లెక్క ఎదిగిన చేపకి. రెండు వారాల పండుగప్ప పిల్లకి ఆ కార్ఖానా ఇంకా కట్టుబడిలోనే ఉంటుంది. నోడా సరిగ్గా అప్పుడే కొడుతుంది. పెద్ద చేపలో అదే వైరస్ చాలాసార్లు చప్పుడు చేయకుండా పడి ఉంటుంది, గుడ్ల ద్వారా పిల్లలకి చేరుతుంది.

వేడి సంగతి ఇంకా చిత్రం. చేపకి జ్వరం రాదు, దాని ఒంటి వేడి నీటి వేడే. అందుకని జ్వరాన్ని వెతుక్కుంటూ వెళుతుంది. లీయెజ్ వాళ్లే 2017లో ప్రచురించిన ప్రయోగంలో 24, 28, 32 డిగ్రీల నీళ్లున్న మూడు అరల తొట్టెలో కోయి హెర్పెస్ సోకిన కార్ప్‌లని వదిలారు. జబ్బు ముదిరే వేళకి చేపలు 32 డిగ్రీల అరలోకి చేరుకున్నాయి, బతికాయి. 24 డిగ్రీల్లోనే కట్టేసినవి చచ్చాయి. ఆ వైరస్ చేపలో జ్వరాన్ని పుట్టించే సంకేతాన్ని మధ్యలోనే పట్టేసే ప్రొటీన్ ఒకటి వదులుతుందనీ, అందుకే చేప వెచ్చటి నీళ్లకి ఆలస్యంగా బయల్దేరుతుందనీ కూడా తేల్చారు.

ఇక చెరువు గట్టుకి వద్దాం. మబ్బు పట్టిన రోజు తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. ఆ అవస్థలో కార్టిసాల్ అనే హార్మోను పెరిగి రోగనిరోధక కణాల పనిని అణిచేస్తుంది. ఆ హార్మోను పుట్టేదీ తల మూత్రపిండంలోనే, కాపలా కణాల పక్కనే. అడుగున పేరుకున్న బురదలోంచి వచ్చే అమ్మోనియా, కిక్కిరిసిన పిల్ల కూడా ఇదే పని చేస్తాయి. అప్పటిదాకా నోరు మెదపకుండా ఉన్న వైరస్ విజృంభించేది ఇలాంటప్పుడే. ఏరేటరు కరెంటు బిల్లుకి వెనకాడి ఇమ్యూనిటీ బూస్టరు డబ్బా కొనడం నాకు బొత్తిగా బోధపడని లెక్క. ఆ డబ్బాల్లో ఉండే ఈస్ట్ గోడల బీటా గ్లూకాన్, విటమిన్ సి పనికిరానివని అనను. చేప తొలి కాపలాని కొన్నాళ్లు మెలకువగా ఉంచుతాయి. ఫలానా వైరస్‌ని గుర్తుపట్టడం మాత్రం నేర్పవు. యాంటీబయోటిక్ అయితే వైరస్‌ని తాకనైనా తాకదు.

గుర్తుపట్టడం నేర్పేది టీకా. నోడాకి సీబా నోడావ్యాక్-ఆర్ అనే టీకా తయారుచేసింది. పది రోజుల పిల్లకి సూది వేయలేం కదా అంటే, తల్లి చేపకి వేసి లాభం పొందే దారి ఉంది. తల్లి యాంటీబాడీలు కొన్ని గుడ్డు సొనలోకి దిగుతాయి, గుడ్డు వెంట వచ్చే వైరస్ కూడా తగ్గుతుంది. 

రెండో దారి జాతిని ఎంచుకోవడం. నార్వేలో సాల్మన్ పిల్లల్ని చంపే ఐపిఎన్ వైరస్‌ని తట్టుకోవడం చాలావరకు ఒక్క జన్యు స్థానం మీద ఆధారపడిందని తేలాక, ఆ జన్యువున్న గుడ్లే ఎంచి అమ్మారు, జబ్బు బాగా తగ్గింది. తిలాపియాలో టిఐఎల్‌విని తట్టుకునే గుణం కూడా చెప్పుకోదగ్గంతగా వంశపారంపర్యంగా వస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. విజయవాడ దగ్గర మాణికొండలో రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం గిఫ్ట్ అనే రకం తిలాపియా పెంపకం నడుపుతోంది కాబట్టి ఈ సంగతి మనకి దూరపుది కాదు.

ఆ తిలాపియా పిల్లల్నే మనవాళ్లు పండుగప్పకి బతికున్న మేతగా వేస్తారు. నోడా వైరస్ తిలాపియాలోనూ దొరికింది. కాబట్టి మేత చేప ఎక్కడిదన్న ప్రశ్న సీడ్, అంటే పెంచే పిల్ల, ఎక్కడిదన్న ప్రశ్నకి తీసిపోదు. సీడ్ కొనేటప్పుడు వైరస్ ఉందో లేదో చెప్పే పిసిఆర్ పరీక్ష కాగితం అడిగేవాళ్లు ఎన్ని పిల్లల్ని పరీక్ష చేశారో కూడా అడగాలి. నూటికి ఐదు పిల్లలకి వైరస్ ఉన్న మందలో అది పట్టుబడుతుందని 95 శాతం ధీమాగా అనాలంటే 60 పిల్లల్ని చూడాలి. నూటికి రెండింటికే ఉంటే 150 కావాలి. ఐదారు పిల్లలతో తెచ్చిన నెగటివ్ కాగితం ఆ ఐదారు పిల్లల సంగతే చెబుతుంది.